సీజరు పంచాంగము

జూలియసు సీజరు నామము వినినంతనే మన విద్యార్థులకు గాలుదేశ యుద్ధములును, రూబికాను నదిని దాటుటయు, సభామధ్యమున జరిగిన హత్యయు స్మృతికి వచ్చును. ఆ సేనాని గెలిచిన దేశములు రోమునకు లోబడి యిప్పుడు లేవు. అతని నామమునే బిరుదుగా ధరించిన రష్యా జారు 1917 లోను, జర్మనీ కైసరు 1918 లోను సింహాసనములను కోల్పోయిరి. కాని మన తరగతి గోడకు వ్రేలాడు క్యాలెండరు మాత్రము చాలవరకు అతనిదే. దానిని గూర్చియే మేమిచట ముచ్చటింపదలచితిమి.

సీజరునకు పూర్వము రోమనుల సంవత్సరమునకు 355 దినములే యుండెను. సూర్యగతితో సరిపోవుటకై వారప్పుడప్పుడు ఒక అధికమాసమును చేర్చెడివారు. అధికమాసము మన తెలుగు పంచాంగములందును గలదు గదా! అయితే సంక్రాంతి లేని చాంద్రమాసమే మనకు అధికమాసము. అది గణితముచే తేలును. రోములోనన్ననో, ఆ నిర్ణయము అర్చకుల చేతిలో నుండెను. వారు తమ మిత్రులు పదవిలోనున్నయేడు పొడిగించియు, గిట్టనివారున్నయేడు కుదించియు యథేచ్ఛగా నడపిరి. తుదకు కోతల పండుగలు కోతకాలమున రాకుండెను. క్రీ. పూ. 63 నుండి ప్రధానార్చక పదవి సీజరుదే గాన, ఈ గందరగోళములో అతనికిని భాగము లేకపోలేదని మా యభిప్రాయము.

క్రీ. పూ. 46 లో సీజరు, అలెగ్జాండ్రియా పండితుడగు సోసిజనీసు సలహాతో, తప్పిన దినములన్నిటిని ఒకేయేట చేర్చెను. ఆ సంవత్సరమునకు 445 దినములు! మరుసటి జనవరి 1 మొదలు ఏడాదికి 365 దినములును, నాలుగేండ్లకొక దినము అధికమును ఏర్పడెను. నక్షత్రములు సయితము ఇక సీజరు ఆజ్ఞచేతనే ఉదయించునని సిసిరో ఎగతాళి చేసెనట. క్రీ. పూ. 44 మార్చి 15 న సీజరు హతుడయ్యెను. ఆ యేడే అతని జన్మమాసమునకు జూలై యను పేరు వచ్చెను. సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు, డిసెంబరులలో మన సప్త, అష్ట, నవ, దశ శబ్దముల చుట్టరికము నేటికిని వినబడును. పూర్వము వారి యేడు మార్చితో మొదలగుటచే ఆ సంఖ్యలు సరిపోయెడివి.

అయినను సీజరు సంవత్సరము నిజమైన దానికంటె సుమారు 11 నిమిషములు పెద్దది. అది శతాబ్దములు గడచినకొలది దినములుగా పెరిగెను. అందుచేత 1582 లో పదమూడవ గ్రెగరీ పోపు, అక్టోబరు 4 మరునాటిని 15 గా నెంచి, 400 చే భాగింపబడని శతాబ్ది సంవత్సరములకు అధికదినమును తొలగించెను. ఫ్రెంచివారు వెంటనే అంగీకరించిరి. ఇంగ్లీషువారు 1752 వరకు ఒప్పుకొనలేదు. కావుననే 1746 లో చెన్నపట్టణము ఫ్రెంచివారికి లొంగిన దినము ఇంగ్లీషు లెక్కలో సెప్టెంబరు 10, ఫ్రెంచి లెక్కలో 21. చరిత్ర చదువు బాలురు రెండు గ్రంథములలో రెండు తేదీలు గాంచి కలవరపడనక్కరలేదు.

రష్యా మొదలగు కొన్ని ప్రాచ్య క్రైస్తవ సంఘములు పండుగలకు సీజరు లెక్కనే నేటికిని పాటించుచున్నవి. వారి డిసెంబరు 25 మన జనవరి 7 న వచ్చును. ఈ లెక్కయే సాగినచో 2101 నుండి జనవరి 8 న రాగలదు.