బ్యాకప్పు ఉన్నంతమాత్రమున చాలునా?

హార్డు డిస్కు లోపల అయస్కాంతపు పూత గల బిళ్లలు నిమిషమునకు 5,400 మొదలు 7,200 పర్యాయములు తిరుగుచుండగా, వాని పైభాగమునకు కొన్ని నానోమీటర్ల యెత్తున, అనగా తలవెండ్రుక మందములో వేయవ వంతు కంటెను తక్కువ యెడమున, సమాచారమును చదువు సూక్ష్మ పరికరము తేలుచుండును. ఇంత సన్నని సందున అహోరాత్రములు పనిచేయు యంత్రమును శాశ్వతమని నమ్మరాదని యెఱిగియే జనులు తమ లెక్కలకును, ఛాయాచిత్రములకును, వ్రాతలకును వేఱొక ప్రతిని తీసి దాచుకొనుచున్నారు. దీనినే బ్యాకప్పు అందురు. ఐతే దాచుటయందు చూపిన శ్రద్ధను, దాచినదానిని తిరిగి తీసి చూచుటయందు చూపువారు అరుదు. ఆపత్సమయమున మనలను కాపాడునది ఈ రెండవ శ్రద్ధయే.

డిస్కునుండి టక్కుటక్కుమను శబ్దము వినవచ్చినచో ముందుగా చేయవలసినది విద్యుత్తును ఆపుట. చదువు పరికరము బిళ్లను తాకి గీయుచున్న యెడల, డిస్కు తిరిగినకొలది కొంత సమాచారము శాశ్వతముగా నశించుచుండును. బ్యాకప్పు లేనివారు ధూళి సోకని గదులలో డిస్కును విప్పి పరీక్షించు నిపుణుల నాశ్రయింపవలసి యుండును. అది మిక్కిలి వ్యయముతో కూడినదియు, ఫలము నిశ్చయము కానిదియు. బ్యాకప్పు గలవారు క్రొత్త డిస్కు నమర్చి, దాచిన ప్రతిని దానిపై తిరిగి నింపుకొందురు.

ఈ నింపుట వినుటకు సులభమే కాని, దానికొక క్రమము కలదు. సాధారణముగా మొదట సమస్తమును సంపూర్ణముగా ప్రతి తీసి, పిమ్మట మాఱినవానిని మాత్రమే దినదినము చేర్చుచుందురు. అందువలన స్థలమును, కాలమును కలిసివచ్చును. తిరిగి నింపునపుడు మాత్రము సంపూర్ణ ప్రతిని ముందు నిలిపి, అనంతర ప్రతుల నన్నిటిని తేదీల వరుసను ఒకదానిపై నొకటి చేర్చవలెను. నడుమ నొక్కటి చెడినచో తరువాతివానిని నమ్మరాదు. ప్రతిని రహస్యలిపిలో భద్రపఱచినవారు దాని పాస్‌వర్డును చెడిన డిస్కులోనే వ్రాసికొని యుండినచో, బ్యాకప్పు చేతనుండియు తెఱవ సాధ్యపడదు.

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో జరిగినది ఇట్టి ప్రమాదములకు తగిన నిదర్శనము. ప్రోగ్రాములు వ్రాయువారు తమ రచనలను భద్రపఱచుకొను ఆ సేవలో, ఒక ఉద్యోగి ద్వితీయ సర్వరుపై తొలగింపదలచిన సమాచారమును పొరపాటున ప్రధాన సర్వరుపై తొలగింపగా, సుమారు 300 గిగాబైట్లు మాయమయ్యెను. బ్యాకప్పులకై వెదకగా, దినమున కొకమాఱు నకలు తీయవలసిన ప్రోగ్రాము డేటాబేసుకు సరిపడని పాత వెర్షనగుటచే విఫలమగుచు వచ్చెననియు, ఆ వైఫల్యమును తెలుపు ఈమెయిళ్లు సహితము తిరస్కృతములై ఎవ్వరికిని చేరలేదనియు తెలియవచ్చెను. ఒక ఇంజనీరు వేఱొక పనికై సుమారు ఆఱు గంటలకు పూర్వము తీసిన ప్రతి యొకటి యుండుటచే సేవ మరల నిలువబడెను. ఐనను ఆ ఆఱు గంటల సమాచారము తిరిగి రాలేదు. జరిగినదానిని దాచక లోకమునకు వివరించిన ఆ సంస్థ నిజాయితీ మెచ్చదగినది.

2011 ఫిబ్రవరిలో జీమెయిల్‌కు వచ్చిన ఆపద మఱియొక పాఠమును నేర్పును. సమాచారమును నిలువచేయు సాఫ్టువేరునందలి క్రొత్త లోపమువలన వినియోగదారులలో 0.02 శాతము మంది ఉత్తరములు కనబడకపోయెను. వేఱువేఱు కేంద్రములలో ప్రతులుండినను, ఆ లోపము వానిని సహితము ఆవరించెను. కంప్యూటర్లతో సంబంధము లేకుండ టేపులపై దాచిన ప్రతులను మాత్రమది తాకలేకపోయెను. గూగుల్ వానినుండియే ఉత్తరములను తిరిగి యిచ్చెను. రెండు డిస్కులపై ఏకకాలమున ఒకే సమాచారమును వ్రాయు రైడ్ పద్ధతి బ్యాకప్పు కాదని నిపుణులు చెప్పుట యిందుకే: ఒకదానిపై చెఱిపినది రెండవదానిపైనను అప్పుడే చెఱిగిపోవును.

మూడు ప్రతులు, రెండు విధములైన సాధనములు, ఒకటి వేఱొక చోట అను 3-2-1 నియమమును ప్రచారమునకు తెచ్చినవాడు ఛాయాచిత్రకారుడైన పీటర్ క్రోగ్. దీనికి నేనొక నియమమును జతచేయగోరుదును: మూడు నెలల కొకమాఱైనను కొన్ని ఫైళ్లను వేఱొక కంప్యూటరుపై తిరిగి నింపి, తెఱచి, చదివి చూడవలెను. అసలు డిస్కు క్షేమముగా నుండగా బయటపడిన లోపమును ఒక సాయంకాలమున సరిదిద్దుకొనవచ్చును; అది ఆగిన పిమ్మట బయటపడినచో చేయగలిగినది స్వల్పము. గృహస్థు తన బిడ్డల చిత్రములకును, గ్రంథాలయము తన పట్టికలకును, చిన్న వర్తకుడు తన ఖాతాలకును ఈ రక్షణ కల్పించుకొనుటకు అదనముగా నొక డిస్కును, ఒక పూట తీరికయు చాలును.