విజిల్ తర్వాత ఆ రెండు సెకన్లు

మా మఠంపల్లిలో ఫుట్‌బాల్ ఆడేవాళ్ళు తక్కువ. సంక్రాంతికి కబడ్డీ, మిగతా రోజులు క్రికెట్. పోయిన సంక్రాంతికి చివరి కూత నాదే. ఒక్క పాయింట్ వస్తే మ్యాచ్ టై. గీత దాటానో లేదో, ఎదురున్నవాడి మీదకి దూకి దొరికిపోయాను. మా కెప్టెన్ అన్న తిట్టలేదు. "ముప్పై సెకన్లుంటే ఐదు సెకన్లకే ఏం తొందరొచ్చిందిరా?" అన్నాడు, అంతే.

దానికి జవాబు నాకు ఫుట్‌బాల్ ప్లేఆఫ్స్‌లో దొరికింది.

లీగ్ మ్యాచ్ ఓడితే ఇంకో మ్యాచ్ ఉంటుంది. ఫైనల్ ఓడితే ఇంటికే. బాల్ అదే, రూల్స్ అవే, మారేది మన తల లోపలే. పెనాల్టీ షూటౌట్‌లో ఇది బాగా తెలుస్తుంది. దూరం 11 మీటర్లే, అడ్డం ఒక్కడే. అయినా పెద్ద పెద్ద ప్లేయర్లు మిస్ చేస్తారు. నార్వే సైకాలజిస్ట్ గెయిర్ యోర్డెట్ షూటౌట్ వీడియోలు పరిశీలించి ఒక విషయం గమనించాడు: విజిల్ పడగానే తొందరపడి కొట్టేవాళ్ళు ఎక్కువ మిస్ చేస్తున్నారు. భయమేస్తే "ఇది తొందరగా అయిపోతే చాలు" అనిపిస్తుంది కదా, అదన్నమాట. నా కూత కథా అదే.

గోల్‌కీపర్లూ అంతే. ఇజ్రాయెల్ పరిశోధకులు 286 పెనాల్టీలు లెక్కేసి 2007లో ఒక పేపర్ రాశారు. దాదాపు 29 శాతం బంతులు మధ్యలోకే వచ్చాయి. కీపర్లు మధ్యలో ఆగింది మాత్రం 6 శాతమే. దూకి గోల్ ఇస్తే ప్రయత్నించాడంటారు, నిలబడి ఇస్తే పరువు పోతుంది!

మరి కోచ్ ఏం చేయాలి? భయాన్ని తీసేయలేడు. ఆ రెండు సెకన్లలో చేయడానికి ఒక చిన్న పని ఇవ్వగలడు. 1996 యూరో సెమీఫైనల్లో పెనాల్టీ మిస్ చేసిన సౌత్‌గేట్, 2018లో ఇంగ్లండ్ కోచ్‌గా షూటౌట్‌కి ముందునుంచే ప్రాక్టీస్ చేయించాడు. కొలంబియాపై 4-3. వరల్డ్ కప్‌లో ఇంగ్లండ్ గెలిచిన మొదటి షూటౌట్ అది.

ఇప్పుడు మన టీమ్ సంగతి. 2022 మార్చి 20, గోవాలోని ఫతోర్డా స్టేడియం, ఐఎస్ఎల్ ఫైనల్. 68వ నిమిషంలో కేరళ బ్లాస్టర్స్ గోల్ కొట్టింది. మనోలో మార్కెజ్ కోచింగ్‌లోని హైదరాబాద్ ఎఫ్‌సీ 88వ నిమిషంలో సమం చేసింది. కొట్టింది సబ్‌స్టిట్యూట్ సాహిల్ తవోరా. షూటౌట్‌లో కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు. అందులో ఒకటి, గీత వదిలి ముందుకొచ్చాడని రిఫరీ మళ్ళీ కొట్టిస్తే, మళ్ళీ ఆపాడు! 3-1తో హైదరాబాద్‌కి మొదటి కప్పు.

అదే గ్రౌండ్‌లో 2015 ఫైనల్ కూడా జరిగింది. అప్పుడు కట్టిమణి ఎఫ్‌సీ గోవా కీపర్. 2-1తో ముందున్న టీమ్, ఆఖరి నిమిషాల్లో అతని సెల్ఫ్ గోల్‌తో సమమై, 3-2తో ఓడిపోయింది. అలాంటి రాత్రి చూసినవాడు అదే గ్రౌండ్‌లో మళ్ళీ గోల్ ముందు నిలబడ్డాడు.

ఇలా చేస్తే ప్రతిసారీ గెలుస్తామని కాదు. మరుసటి ఏడాది సెమీఫైనల్లో ఇదే హైదరాబాద్, ఇదే కోచ్‌తో, కోల్‌కతాలో పెనాల్టీల్లోనే 4-3తో ఓడింది. కానీ తొందరపడి ఓడటం వేరు, ఆడి ఓడటం వేరు.

వచ్చే సంక్రాంతికి గీత దాటాక మనసులో మూడు లెక్కపెడతా. దొరికిపోతే అప్పుడు చూద్దాం.