తలుపు తట్టబోయే ముందు

ఆసుపత్రిలో కుటుంబాల గుట్టు మా డాక్టర్లకంటే సోషల్ వర్కర్లకే ఎక్కువ తెలుస్తుంది. దెబ్బలతో వచ్చిన పిల్లవాణ్ణి తిరిగి తల్లిదండ్రులతో పంపవచ్చునా అన్నది చాలావరకు వారి రిపోర్టును బట్టే ఉంటుంది. మన పిల్లలు పెద్దల ముందు తల దించుకుంటారు. అది మర్యాద కావచ్చు, భయమే కావచ్చు. అలసి వచ్చిన వర్కరు ఏదో ఒకటి తోచినట్లు రాసేస్తే?

వృత్తిలో ఉన్నవారి ఆత్మపరిశీలన రెండు రకాలని డొనాల్డ్ షాన్ 1983లో వచ్చిన తన పుస్తకంలో వివరించారు: పని ముగిశాక చేసేది, పని మధ్యలోనే చేసేది. మొదటిదానికి సూపర్‌వైజరు సాయం ఉంటుంది. రెండోదే కష్టం. మైండ్‌ఫుల్‌నెస్ అక్కరకొచ్చేది అక్కడే. (సరుకు మనవైపుదే లెండి, బౌద్ధుల పాళీలో 'సతి'. జాన్ కబాట్-జిన్ 1979లో మసాచుసెట్స్‌లో రోగులకు దీన్ని నేర్పడం మొదలుపెట్టారు. అదే ఎనిమిది వారాల శిక్షణగా పేరుపొందింది.)

కారు దిగేముందు నాలుగైదు శ్వాసలు గమనించాలి. భుజాలు బిగిశాయా, పొద్దున ఇంట్లో వచ్చిన కోపం ఇంకా ఉందా చూసుకోవాలి. మాటల మధ్య "ఈ తండ్రి నాకు నచ్చలేదు" అనిపిస్తే, అలా అనిపించిందని గుర్తించి, ఇంకో ప్రశ్న అడగాలి. నోట్సులో చూసింది వేరు, తోచింది వేరు రాయాలి.

మోయలేనన్ని కేసులు నెత్తిన పెట్టి, శ్వాస గమనించుకోమనే ఆఫీసులూ ఉన్నాయి. అక్కడ ముందు కావలసింది ఇంకో ఇద్దరు వర్కర్లు.