అంగడి అద్దెపత్రము: సంతకమునకు ముందు

బజారులో నొక చిన్న యంగడి తెరువ నెంచినవాడు బల్లలకు, అరలకు, దీపములకు, నామఫలకమునకు అప్పు చేసియైనను వ్యయపెట్టుచున్నాడు. ఈ వ్యయమున కంతకును ఆధారమైన అద్దెపత్రమును మాత్రము చదువకయే సంతకము చేయుచున్నాడు. సరకును పదిమార్లు త్రిప్పి చూచు వర్తకుడు కాగితముకడ నింత యుదాసీనుడగుట శోచనీయము.

మొదట విచారింపవలసినది అద్దె మొత్తము గాదు, అద్దెకిచ్చువాని యధికారము. భవన మాతనిదేనా? అన్నదమ్ముల యుమ్మడి యాస్తియా? బ్యాంకునకు తాకట్టు పడినదా? రిజిస్ట్రేషను కార్యాలయమున ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్టును, పురపాలకసంఘమువారి పన్ను రశీదును చూచినచో సంశయము చాలవరకు తీరును. భాగస్థు లున్నయెడల అందఱి సంతకములును వలయును. నివాసమునకు మాత్రమే యనుమతి పొందిన కట్టడమైనచో ట్రేడు లైసెన్సునకు చిక్కు గలుగవచ్చును.

రెండవది గడువు. ఒక సంవత్సరమునకు మించిన లీజు రిజిస్టరు పత్రమువలననే చెల్లునని 1882వ సంవత్సరపు ఆస్తి బదిలీ చట్టము 107వ సెక్షను చెప్పుచున్నది. దీనిని తప్పించుకొనుటకే 11 నెలల కాగిత మాచారమైనది. కాని అవిభక్తాంధ్రప్రదేశమున 1999లో వచ్చిన సవరణచే లీజుపత్రము లన్నియు, గడువెంతదైనను, రిజిస్టరు కావలసినవానిలో చేరినవి. కావున పదునొకండు నెలల కాగితము నిర్భయమైనదను నమ్మకము సరికాదు.

అయిదేండ్లకు వ్రాసుకొని రిజిస్టరు చేయింపక పెట్టెలో దాచుకొనుట మఱింత ప్రమాదకరము. అట్టి పత్రమును గడువునకు సాక్ష్యముగా న్యాయస్థానము గైకొనదు. అద్దె నియంత్రణ చట్టపు రక్షణ లేనిచోట అద్దెదారు నెలసరి అద్దెదారుగానే నిలుచును; 106వ సెక్షను ననుసరించి 15 దినముల నోటీసు చాలును. అయిదేండ్లు నమ్మి పెట్టిన పెట్టుబడి పక్షము దినముల పాలగును!

మూడవది ధనము. అడ్వాన్సు ఎంత, ఎన్నిదినములలో తిరిగి యీయవలయును, అందుండి యేమేమి మినహాయింపవచ్చును అను సంగతులు స్పష్టముగా వ్రాయవలయును. ఏటేట అద్దె పెరుగుదల నూటికింతయని యంకెలలో నుండవలయును. 'వాడుక ప్రకార'మను మాట తగవునకు విత్తనము. విద్యుత్తు మీటరు ప్రత్యేకమైనదా, పాతబాకీ యున్నదా, వస్తుసేవల పన్ను వర్తించినచో నెవరు భరింతురు, పైకప్పు కారిన నెవరు బాగుచేయింతురు అనునవియు వ్రాతలో నుండవలసినవే.

కడపటిది నిష్క్రమణము. ముందుగా ఖాళీచేయు హక్కు యజమానికి మాత్రమే యుండి అద్దెదారునకు లేనిచో నది సమమైన యొడంబడిక గాదు. అద్దెదారు తాను బిగించిన వస్తువులను, స్వాధీనము తనయం దున్నంతలో, స్థలమును యథాస్థితిగా నప్పగించునట్లు తీసికొనిపోవచ్చునని 108వ సెక్షను చెప్పుచున్నది. ఒప్పందమున దీనికి విరుద్ధముగా నేమైన వ్రాసియున్నదేమో చూడవలయును.

భవన యజమానులును దీనిని తమకు ప్రతికూలముగా భావింపరాదు. నిలుకడగా నుండి, నెల తప్పక చెల్లించు అద్దెదారే యజమానికి నిజమైన లాభము. కోర్టులచుట్టు ఏండ్లతరబడి తిరుగుటకంటె న్యాయవాదికడ నొకపూట కూర్చుండి పత్రము చదివించుకొనుట ఉభయులకును చౌక. నోటిమాటలో నెంత నమ్మకమున్నను వ్రాత నుండవలయును. ఆ వ్రాత రిజిస్టరు కావలయును.