ఓడ కొనేముందు ఒక్క లెక్క

పోయిన శనివారం రాత్రి మా పన్నెండేళ్ళ అబ్బాయి నా నౌకాదళాన్ని మొత్తం ముంచేశాడు. కంగారుపడకండి, భోజనాల బల్ల మీదే లెండి! ఆట పేరు ‘యాక్సిస్ అండ్ అలైస్’. ల్యారీ హారిస్ రూపొందించిన ఈ రెండో ప్రపంచయుద్ధపు ఆటని 1984లో మిల్టన్ బ్రాడ్లీ కంపెనీ అమ్మింది. మేం ఆడేది 2012లో వచ్చిన ‘1942’ రెండో ఎడిషన్.

నాది బ్రిటన్, వాడిది జర్మనీ. మొదటి వంతులో నా చేతిలో 31 పాయింట్లు. అందులో 20 పోసి బ్యాటిల్‌షిప్ కొన్నాను. పెద్దది కదా, చూడముచ్చటగా ఉంది కదా అని. మిగిలిన 11తో ఒక రవాణా ఓడ, ఒక ఫిరంగి. తన వంతు రాగానే వాడు జలాంతర్గాములనీ విమానాలనీ కలిపి మీద పడ్డాడు. బ్యాటిల్‌షిప్ మునగాలంటే రెండు దెబ్బలు తగలాలి. తగిలాయి. రవాణా ఓడ ఎదురు కొట్టలేదు కాబట్టి అదీ పోయింది. ఆఫీసులో రోజూ బడ్జెట్ షీట్లు దిద్దే నేను ఇంట్లో ఇలా ఖర్చుపెట్టాను!

తర్వాత కూర్చుని లెక్కవేశాను. క్రూయిజర్ ధర 12, డిస్ట్రాయర్ 8. అంటే 24 పాయింట్లకి రెండు క్రూయిజర్లు, లేదా మూడు డిస్ట్రాయర్లు. పాచిక మీద మూడు లోపు పడితే క్రూయిజర్ దెబ్బ తగులుతుంది, రెండు లోపు పడితే డిస్ట్రాయర్‌ది. సగటు తీస్తే రెండు జట్లూ రౌండుకి ఒక్క దెబ్బే కొడతాయి. కానీ శత్రువు అటు రెండు ఓడలు ముంచితే చాలు, ఇటు మూడు ముంచాలి. పైగా డిస్ట్రాయర్ ఉన్నచోట జలాంతర్గామి దొంగదెబ్బ తియ్యలేదు.

విమాన వాహక నౌక ధర 14. దాని మీద రెండు ఫైటర్లు దిగుతాయి. కాపలా కాసేటప్పుడు ఒక్కో ఫైటర్ బ్యాటిల్‌షిప్‌తో సమానంగా కొడుతుంది. బ్రిటన్‌కి ఫైటర్లు మొదటినుంచే ఉన్నాయి, కొత్తగా కొనక్కర్లేదు. వాహక నౌక 14, డిస్ట్రాయర్ 8, రవాణా ఓడ 7, మొత్తం 29. నా 31లోనే సరిపోయేది!

అసలు సంగతేమిటంటే, పాయింట్లు నేల మీద ఉన్నాయి, నీళ్ళలో లేవు. సైన్యాన్ని ఒడ్డున దింపేది రవాణా ఓడే. మిగతావన్నీ దానికి కాపలా. ఆ సముద్రం దాకా శత్రు విమానాలు ఎన్ని రాగలవో లెక్కపెట్టి, దానికి తగినంత కాపలా కొనాలి. అంతకు మించితే షోకే.

ఇది ఆటలో మాటే కాదు. 1942 ఏప్రిల్ 5న శ్రీలంక దగ్గర విమాన రక్షణ లేకుండా వెళ్తున్న డోర్సెట్‌షైర్, కార్న్‌వాల్ అనే రెండు బ్రిటిష్ క్రూయిజర్లని జపాన్ వాహక నౌకల విమానాలు ముంచేశాయి. ఆ మర్నాడే ర్యూజో అనే చిన్న వాహక నౌక నుంచి లేచిన విమానాలు మన విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి.

బోర్డు మీద ఇండియా తీరం చూపిస్తూ మా వాడికి ఈ సంగతి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “అక్కడ కాపలా ఎవరూ లేరా నాన్నా?” అని అడిగాడు.

వచ్చే శనివారం మళ్ళీ నాదే బ్రిటన్. ఈసారి బ్యాటిల్‌షిప్ డబ్బాలోనే ఉంటుంది. సెలవు.