నాలుగాకుల కూర: పప్పులోకి సరే, మూర్ఛ మాత్రకు బదులు కాదు

ఆళ్లగడ్డ వైపు నుంచి వచ్చిన ఓ తల్లి మా ఓపీలో కొంగు ముడి విప్పి గుప్పెడు ఆకు చూపించింది. "ఇది తింటే ఫిట్స్ పోతాయంటే పిల్లోనికి మాత్రలు ఆపేసినా సార్" అంది. పది రోజులకే ఆ అబ్బాయికి మూర్ఛ తిరగబెట్టింది. అదీ ఒకదాని వెంట ఒకటిగా.

ఆ ఆకు మీరూ చూసే ఉంటారు. కేసీ కెనాల్ కింద వరి మళ్లలో, నీళ్లు నిలిచేచోట, సన్నటి కాడ మీద నాలుగు రెక్కలతో కనిపిస్తుంది. కొందరు చిక్లింతకూర అంటారు. శాస్త్రీయ నామం మార్సీలియా. పువ్వు పూయని ఫెర్న్ జాతి మొక్క. దీన్ని పులిచింత అనుకునేవారూ ఉన్నారు. పులిచింతకు మూడే రెక్కలు, రుచి పులుపు. అందులో ఆక్సలేట్లు ఎక్కువ, కిడ్నీలో రాళ్లున్నవారు దానికి దూరంగా ఉండాలి.

ఆయుర్వేదం దీన్నే సునిషణ్ణకం అంటుంది, నిద్రకు మంచిదని చెబుతుంది. జంతువులపై ప్రయోగాల్లో మూర్ఛను తగ్గించే గుణం కనిపించిన మాటా నిజమే. కానీ వాటికి ఇచ్చింది కొలిచి తీసిన సారం. మీరు వండేది పప్పు. అందులో మోతాదు ఎంతో ఎవరు చెప్పగలరు? మూర్ఛ మాత్రలు ఉన్నట్టుండి ఆపితే ప్రాణానికే ముప్పు.

ఇంకో సంగతి. మార్సీలియా జాతిలో విటమిన్ బీ1ను నాశనం చేసే థయామినేజ్ అనే ఎంజైము ఉంటుంది. 1861లో ఆస్ట్రేలియా ఎడారిలో బర్క్, విల్స్ అనే అన్వేషకులు తిండి లేక ఈ జాతి మొక్క బీజకోశాల పిండి మీదే బతకబోయి, నీరసించి చనిపోయారు. బీ1 లోపంతో వచ్చే బెరిబెరి కూడా కారణమని పరిశోధకులు అంటారు. అక్కడి ఆదివాసులు మాత్రం దాన్ని తగిన పద్ధతిలో సిద్ధం చేసుకుని తినేవారు. అందుకే పచ్చి రసం తాగొద్దు. ఎప్పుడో ఒకసారి బాగా ఉడికించి పప్పులో తింటే సరిపోతుంది.

కోసుకొచ్చే చోటూ చూసుకోండి. రైతుకు ఇది కలుపు మొక్క, మందు కొట్టి ఉండొచ్చు. మురుగు కలిసే కాలువ ఆకు అసలే వద్దు.

ఆ అబ్బాయికి మాత్రలు మళ్లీ మొదలుపెట్టాం. మీ ఇంట్లో ఎవరికైనా మూర్ఛ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి. ఐదు నిమిషాల్లో ఆగకపోయినా, తెలివి రాకముందే మళ్లీ వచ్చినా 108కి ఫోన్ చేయండి.