భోజనపు గదికి దీపము నెంచుట



ఇల్లు కట్టించువాడు ద్వారబంధమునకు టేకుకఱ్ఱ వెదకును. నేలకు తాండూరు రాయి నెంచును. ముందరి వసారాకు పూలగుత్తివంటి దీపములు తగిలించును. భోజనపు గది కడకు వచ్చుసరికి, తీగలు లాగు పనివాడు "ఇచ్చట నొకటి పెట్టుదునా, అయ్యా?" అని యడుగును. "పెట్టుము" అని యజమానుడు ముందుకు సాగిపోవును. ఇంటిల్లిపాదియు దినమునకు రెండుమాఱులు కూర్చుండు చోటి వెలుగు ఆ యొక్క మాటతో నిర్ణయమైపోవును. నా ప్రసంగము ఆ చిన్నగదిని గూర్చియే.

మా నారాయణఖేడు తాలూకా 1956వ సంవత్సరము వఱకు బీదరు జిల్లాలో నుండెను. పిదప మెదకు జిల్లాలో చేరెను. 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో నున్నది. జిల్లాలు మాఱినను పాతయిండ్ల లోపలి చీకటి మాఱలేదు. దళమైన మట్టిగోడలు, చిన్న కిటికీలు, నల్లబడిన దూలములు, వంటయింటిని ఆనుకొని యెనిమిదడుగుల వెడల్పును పదియడుగుల పొడవును గల గది: భోజనపు చోటనగా పెక్కిండ్లలో నింతియే. క్రొత్తగా కట్టిన మేడలలోను ఆ గది పెరిగినది లేదు.

మా చిన్ననాడు ఆ గదిలో కందిలి వెలుగుచుండెడిది. అంతకు ముందటి తరమువారికి ఆముదపు దీపము. ఆ దీపము నెక్కడ పెట్టెడివారో జ్ఞాపకము చేసికొనుడు. రెండు పంక్తుల నడుమ, పీటమీద, విస్తరికి మూరెడు రెండు మూరల దూరమున! వెలుగు స్వల్పమే గాని అన్నమునకు చేరువగా నుండెడిది. నడుమ దీపమారిపోయినచో, తినుచున్నవారు విస్తరిపై చేయి యుంచి, మరల వెలిగించు వఱకు ముద్ద యెత్తెడివారు కారు. ఇది మూఢాచారమని నవ్వువారు కలరు, నేను నవ్వను. కంటికి గనబడని దానిని నోట బెట్టుకొనరాదనుటలో తప్పేమున్నది? బియ్యములో రాయి యుండవచ్చును, చారులో పురుగు పడవచ్చును, చేప తినువారికి ముల్లున్నది.

విద్యుద్దీపము వచ్చిన పిమ్మట వెలుగు పెరిగినది, కాని పైకప్పునకు ఎక్కినది. ఇచ్చట నొక ప్రకృతిధర్మమును గమనింపవలెను. దీపము రెండింతల దూరమునకు జరిగినచో నేరుగా పడు వెలుగు సగము గాదు, నాల్గవవంతగును. మూడింతల దూరమునకు జరిగినచో తొమ్మిదవవంతగును. పదియడుగుల కప్పునకు దీపమున్నదనుకొనుడు. రెండున్నర అడుగుల యెత్తు బల్లకు అది యేడున్నర అడుగుల పైనున్నది. ఆ దీపమునే తీగతో దించి బల్లకు రెండున్నర అడుగుల పైన వ్రేలాడదీసినచో, అదే బల్బు, అదే విద్యుత్తు, కంచముపై తొమ్మిదింతల వెలుగు! గోడల నుండి మఱలివచ్చు వెలుగును ఈ లెక్కలో చేర్చలేదు. నల్లని మట్టిగోడలున్న యింట అది స్వల్పమే.

ఈ లెక్క ముసలివారికి ప్రాణప్రదము. అఱువది యేండ్లవాని కంటి లోపలికి, ఇరువది యేండ్లవాని కంటిలోనికి పోవు వెలుగులో సుమారు మూడవవంతు మాత్రమే చేరునని వైద్యులందురు. కనుపాప కుంచించును, లోపలి కటకము పసుపువాఱును. దీపము నెంచువాడు ముప్పది యేండ్ల కుమారుడు. అది కావలసినది డెబ్బది యేండ్ల తల్లికి. వానికి చాలినది ఆమెకు చాలదు. మా మేనత్తగారు కొన్నినెలలు రాత్రిపూట ఆకుకూర ముట్టక, పెరుగన్నముతో సరిపెట్టుకొనెడిది. జిహ్వ చచ్చినదని అందఱును అనుకొంటిమి. తుదకు కోడలు కనిపెట్టినది: ఆమె గోడవైపు కూర్చుండెడిది, దీపము వెనుకనుండెడిది, ఆమె నీడయే ఆమె కంచముపై పడుచుండెడిది. కూరలో ఏమున్నదో కనబడక మానివేసినదే గాని రుచి తప్పి గాదు. ఎవరికిని చెప్పలేదు. పెద్దవారు ఇట్టివి చెప్పరు.

కావున అంగడికి పోకమునుపే మీ యింట నెట్లు కూర్చుండి తిందురో చూచుకొనవలెను. బల్ల యున్నవారు దాని నడిమికి పైన చెప్పిన యెత్తున నొక దీపమును వ్రేలాడదీయవచ్చును. తలకు తగులదు, ఎదుటివారి మొగమును కప్పదు. నేలమీద పీటలు వేసికొని తినువారికి ఇది పనికిరాదు. వడ్డించువారు పంక్తుల నడుమ తిరుగుచుందురు గదా! వారి నుదురు బద్దలగును. అట్టివారు ఎదురెదురు గోడలకు ఆఱడుగుల యెత్తున చెఱియొక దీపమును పెట్టించుకొనవలెను. ఒకదాని నీడను రెండవది చెఱపివేయును. ఆ చిన్నగదికి 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బులు రెండు చాలును. పూర్వపు 60 వాట్ల బల్బొకటి రాత్రికి నాలుగు గంటలు వెలిగినచో నెలకు 7 యూనిట్లకు పైగా కాలెడిది. ఈ రెండును కలిసి 2 యూనిట్లకు కొంచెము పైన కాలును. 2015 జనవరిలో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన ఉజాలా పథకముతో వీని వెలయు బాగుగా దిగెను.

వట్టి బల్బును కంటి కెదురుగా వ్రేలాడదీయుట కూడదు. మోదుగాకు విస్తరిలో తినునాళ్లలో ఈ బాధ లేదు. నేటి ఉక్కుకంచము అద్దమువంటిది, బల్బు అందులో ప్రతిఫలించి కన్ను జిగేలుమనిపించును. పాలవన్నె గాజుగిన్నె గాని, లోపల తెల్లరంగు వేసిన రేకుగిన్నె గాని బల్బునకు కప్పుగా నుండవలెను. మేదరివారిచే చిన్న వెదురుబుట్ట నల్లించి బోర్లించినను సొగసుగానే యుండును. పాతబల్బు వేడికి వెదురు మాడెడిది, ఎల్.ఇ.డి. కంత వేడి లేదు. గాజుపూసల గుత్తులు మాత్రము వలదు. తాలింపుపొగ వానికి జిడ్డుగా పట్టును. నెలనెలయు పూసపూసను తుడుచువారు మీ యింట నెవరో ముందుగా అడిగి చూడుడు.

వన్నె విషయము కొంత చెప్పవలసియున్నది. ఎల్.ఇ.డి. లోపల పుట్టునది నీలపు వెలుగు. దానిపై పసుపుపచ్చని పొడి యొకటి పూసియుందురు. నీలములో కొంత ఆ పొడిచే పసుపుగా మాఱగా, రెండును కలిసి తెల్లగా కనబడును. ఆ నీలపు దీపమును సాధించినందులకే అకసాకి, అమానో, నకమురా అను మువ్వురకు 2014లో భౌతికశాస్త్రమున నోబెలు బహుమాన మొసగబడెను. పెట్టెపై 6500 కెల్వినులని యున్నచో నీలము మిక్కిలిగా నున్న తెలుపు. 2700 గాని 3000 గాని యున్నచో పసుపువన్నె. తెలుపే గొప్ప వెలుగని చాలమంది తలంతురు. అన్నముకడ నాకది సమ్మతము గాదు. ఆ తెలుపులో పప్పు పాలిపోవును. వానకాలమున ఉసిళ్లు నీలము మెండుగానున్న వెలుగునకే యెక్కువగా మూగును. అవి కంచమున రాలునప్పటి యవస్థ మీరెఱుగనిది కాదు. కావున పసుపువన్నె బల్బునే కొనుడు. రంగులను ఉన్నవి యున్నట్లు చూపు గుణమునకు సి.ఆర్.ఐ. అని యొక సంఖ్య వ్రాసియుందురు. అది 80కి తక్కువైనది వలదు. 90 దొరకినచో మఱియు మంచిది.

మీట యెక్కడ నుండవలెననునది ఎవరును తలపని సంగతి. పెక్కిండ్లలో నది గుమ్మము వెలుపల నుండును. మగవారు తిని లేచి, పోవుచు పోవుచు దీపమార్పుదురు. వడ్డించిన ఇల్లాలు వంటింటి మూలనుండి వచ్చు వెలుగులో తన కంచము పెట్టుకొనును. మీటను గది లోపల, పీటమీద కూర్చుండి చేయి చాచిన నందునట్లు పెట్టింపుడు.

తీగలు గోడలో పూడ్చకమునుపు ఒక రాత్రి పరీక్ష చేయుడు. పొడవైన తీగకు బల్బు తగిలించి ఒకరు పట్టుకొనవలెను. ఇంట పెద్దదానిని ఆమె కూర్చుండు చోటనే కూర్చుండబెట్టి, కంచములో అన్నమును ఆకుకూరయు వడ్డింపుడు. దీపమును ఎత్తుచు దించుచు, ఇటునటు జరుపుచు, కూరలో మిరపకాయ యెక్కడున్నదో చూపుమని యామె నడుగుడు. ఆమె తడవకుండ వ్రేలు పెట్టిన వేళ దీపమున్న చోట సుద్దతో గుర్తు పెట్టి, మఱునాడు పనివానిని పిలువుడు.